‘కాలవలో వదిలేద్దాం’ అనేముందు...

బెజవాడలో కాపురముండే వాళ్ళకి కాలువలు కొత్త కాదు. ఊరి మధ్యనుంచే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ వెళ్తాయి. బజారుకి వెళ్ళినా, పిల్లల్ని స్కూల్లో దింపినా ఏదో ఒక వంతెన దాటాల్సిందే. ఈసారి దాటేటప్పుడు ఒక్క నిమిషం ఆగి కిందకి చూడండి. నీళ్ళు పారుతున్న చోట ఫరవాలేదుగానీ, నీళ్ళు నిలిచిన చోట, మురుగు కలిసే చోట నీరే కనిపించదు. పచ్చటి తివాచీ పరిచినట్టు ఆకులు, మధ్యమధ్య లేత వంకాయరంగు పూలగుత్తులు. అదే గుర్రపుడెక్క. ఆకు గుర్రం డెక్కలా ఉంటుందని ఆ పేరు.

పువ్వు మాత్రం ఎంత అందంగా ఉంటుందో! పై రేకు మీద నెమలికన్నులాగా నీలం, దాని మధ్య పసుపుచుక్క. మా చిన్నప్పుడు గట్టు మీద నిలబడి కర్రతో లాక్కుని కోసుకునేవాళ్ళం. ఇంటికొచ్చేసరికి వాడిపోయేది. ఆ మొక్క మన దేశానిదే కాదని నాకు చాలా ఏళ్ళు తెలియదు. మీలో చాలామందికి తెలిసుండదనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

గుర్రపుడెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది పరీవాహక ప్రాంతం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పూలమొక్కగా బెంగాల్లో అడుగుపెట్టింది. అవునండీ, పూలమొక్కగానే! ఎవరో ముచ్చటపడి తోటలోని నీటికుంటలో పెంచుకున్నారు. అది కుంట దాటింది, కాలువ దాటింది, నది దాటింది. కొన్ని దశాబ్దాల్లోనే వరిపొలాలు మునిగాయి, పడవలు ఆగిపోయాయి. చివరికి 1936లో ఈ మొక్క కోసం బెంగాల్లో ప్రత్యేకంగా ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ఎవరి స్థలంలో ఉంటే వాళ్ళు దాన్ని తీసెయ్యాలని ఆ చట్టం చెప్పింది. ఒక పూలమొక్క మీద చట్టం! చట్టం వచ్చింది గానీ మొక్క పోలేదు. ఈనాటికీ అక్కడా ఉంది, మన దగ్గరా ఉంది.

ఎందుకు పోదంటే, దాని పెంపకం అలాంటిది. ఒక్క చుక్క తోడు గిన్నెడు పాలని పెరుగు చేసినట్టు, ఒక్క మొక్క చెరువంతటినీ ఆక్రమిస్తుంది. వాతావరణం అనుకూలిస్తే ఒకటి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. రెండు వారాలకి రెట్టింపు అనుకుని మీరే లెక్క వేసుకోండి, అయిదు నెలలు తిరక్కుండానే ఒక్క మొక్క వెయ్యి దాటుతుంది. పక్కనుంచి తీగ వేసి పిల్లమొక్కని పుట్టిస్తుంది, అది తెగి నీళ్ళమీద తేలుతూ ఇంకో ఊరికి పోతుంది. ఇది చాలదన్నట్టు గింజలు కూడా వేస్తుంది. ఆ గింజలు అడుగుబురదలో 15-20 ఏళ్ళు పడుకుని, నీరు తగ్గి వెలుతురు తగిలిన రోజున లేస్తాయి. అంటే ఈ ఏడాది పూర్తిగా తీయించాం, ఇక బెంగలేదు అనుకోవడానికి వీల్లేదన్నమాట.

మొక్కేగా, పచ్చగా ఉంటే మంచిదేగా అని మా తోడికోడలు అంటూ ఉంటుంది. ఆవిడ మాటలోనూ న్యాయం ఉందనిపిస్తుంది, కాలువ కింద బతికే వాళ్ళని చూడకపోతే. కృష్ణా డెల్టా అంటే కాలువలే కదండీ. 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడ మొదలైన నీరు లాకులు దాటి, పంటబోదెలు దాటి దివిసీమ శివారుదాకా పోవాలి. దారిలో గుర్రపుడెక్క అడ్డం పడితే ఎగువ రైతుకి నీళ్ళు ఎక్కువై, శివారు రైతుకి చుక్క రాదు. వరి ఒక్కటే కాదు. డెల్టా పల్లెల్లో మంచినీళ్ళ చెరువుని నింపేది కూడా ఆ కాలువనీరే. వేసవిలో కాలువ కట్టేసేముందు చెరువు నింపుకుంటేనే బిందె నిండేది. తూముకి ఈ మొక్కల మోపు అడ్డుపడితే మొదట ఇబ్బంది పడేది ఆ ఊళ్ళోని ఆడవాళ్ళే.

నీళ్ళ మీద మూతలా కప్పేస్తే ఎండ లోపలికి దిగదు, గాలి కలవదు. చేపలకి ఊపిరాడదు. పైగా ఆకులనుంచి ఆవిరి రూపంలో పోయే నీరు, తేటగా ఉన్న చెరువునుంచి ఆవిరయ్యే నీటికన్నా ఎక్కువ. దోమల సంగతి సరేసరి. మాన్సోనియా అనే రకం దోమ పిల్లలైతే ఊపిరి కోసం నీటిపైకి రానే రావు. ఇలాంటి మొక్కల వేళ్ళకి గుచ్చుకుని అక్కడి గాలినే పీల్చుకుంటాయి. బోదకాలు రకాల్లో ఒకదాన్ని మోసేది ఆ జాతి దోమే. నీళ్ళమీద నూనె చల్లినా వాటికి లెక్క ఉండదు.

కొల్లేరు పరిస్థితి మరీనూ. కృష్ణా గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ మంచినీటి సరస్సుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ జాబితాలో చేరి, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడినేలల్లో ఒకటిగా గుర్తింపు తెచ్చుకుంది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టించారు. అంత గుర్తింపున్న సరస్సులోనూ గుర్రపుడెక్క కమ్ముకున్న చోట పడవ కదలదు, వల పడదు. ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళుంటారు. ఆ పక్షులు చేపలు పట్టుకోవాలన్నా తేటనీరు కావాలి కదా!

కొల్లేటిలోకి వచ్చే బుడమేరు సంగతి బెజవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లోకి వచ్చిన నీళ్ళు ఎవరూ మర్చిపోలేదు. దానికి కుండపోత వాన, గండ్లు, ఆక్రమణలు అసలు కారణాలు. నెపమంతా మొక్క మీద వేసి మనుషులు తప్పుకోవడం న్యాయం కాదు. కానీ, నీరు పోవాల్సిన దారిలో గుర్రపుడెక్క పేరుకుంటే ప్రవాహం మందగిస్తుందన్నది మాత్రం నిజం.

తీయిస్తే పోదా?

తీయిస్తూనే ఉన్నారు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పొక్లెయిన్లు పెట్టి తోడిస్తారు. తోడింది గట్టుమీదే పోస్తే మొదటి వానకి సగం మళ్ళీ కాలువలో పడుతుంది. మందు కొట్టొచ్చు కదా అంటారు. కొడితే చచ్చి అడుగుకి దిగి కుళ్ళుతుంది, ఆ కుళ్ళుకి నీళ్ళలోని ప్రాణవాయువు ఖర్చయి చేపలు తేలతాయి. పైగా అది తాగే నీరాయె!

ఇంకో ఉపాయం ఉంది. బియ్యంలో పట్టే ముక్కుపురుగు మనకి తెలుసుగా, అలాంటిదే గుర్రపుడెక్కని మాత్రమే తినే ముక్కుపురుగు ఒకటుంది. దాని పుట్టిల్లూ ఈ మొక్క పుట్టిల్లే. 1980 దశకంలో మన దేశానికి తెచ్చి, ఇతర పంటల జోలికి పోదని పరీక్షించుకున్నాకే బెంగుళూరు దగ్గర చెరువుల్లో వదిలారు, అక్కడ కొన్ని చెరువుల్లో బాగానే పనిచేసింది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు 1990 దశకంలో ఈ మొక్కతో నిండిపోతే అక్కడా ఈ పురుగుల్నే దింపారు. అయితే పురుగు పని నెమ్మది, ఏళ్ళు పడుతుంది. మురుగు కలిసే నీళ్ళలో పురుగు ఒక ఆకు తినేలోగా మొక్క నాలుగు వేస్తుంది. మనిళ్ళల్లో అంట్లు తోమిన నీళ్ళూ, బట్టల సబ్బునీళ్ళూ, మరుగుదొడ్ల నీళ్ళూ శుద్ధి కాకుండా కాలువలో కలిసినంతకాలం దానికి మనమే రోజూ ఎరువు వేస్తున్నట్టు లెక్క. ఈ పని మున్సిపాలిటీది, మనొక్కళ్ళం చేసేది కాదు. అయినా ఓటడగడానికి గుమ్మంలోకొచ్చిన వాళ్ళని ‘మా వీధి మురుగు ఎక్కడ కలుస్తోందండీ?’ అని అడగొచ్చు. నేను అడిగాను. నవ్వేసి వెళ్ళిపోయారు. మరోసారి వస్తారుగా!

ఇక మన చేతిలో పూర్తిగా ఉన్న సంగతికి వద్దాం.

గాజుతొట్టెలోంచి కృష్ణమ్మలోకి

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో హాల్లో చేపలతొట్టె ఉంటోంది. వాస్తుకి మంచిదని కొందరు, పిల్లల సరదాకి కొందరు. అందులో అద్దానికి నోరు ఆనించి పాకురు నాకుతూ ఒక నల్లటి, గరుకు చేప ఉంటుంది చూడండి. సక్కర్ ఫిష్ అంటారు. ‘తొట్టె కడిగే పని తప్పిస్తుందమ్మా’ అని దుకాణం వాళ్ళు దాన్ని తప్పకుండా అంటగడతారు. కొన్నప్పుడు వేలెడంత ఉంటుంది. ఏడాదీ రెండేళ్ళకి జానెడు దాటుతుంది, బయట నదిలోనైతే మూరెడవుతుంది. ఒళ్ళంతా ఎముకపలకల కవచం, రెక్కలకి ముళ్ళు. దీనిదీ దక్షిణ అమెరికాయే.

అది తొట్టెలో ఇరుకవగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. మా పైవాటాలో ఉండే అమ్మాయి వాళ్ళాయనకి ట్రాన్స్‌ఫర్ అయింది. సామాన్లు సర్దుతూ ఒకరోజు కిందకొచ్చి,

“పిన్నిగారూ, తొట్టె మాత్రం తీసుకెళ్ళలేం. ఆ పెద్దచేపని చంపలేనండీ, పాపం. పొద్దున్నే కాలవలో వదిలేస్తే హాయిగా బతుకుతుంది కదా!” అంది.

“హాయిగా బతుకుతుందనేనమ్మా నా భయం!” అన్నాను.

ఆ పిల్ల మనసు మంచిదే. జీవాన్ని వదిలితే పుణ్యమని మనం చిన్నప్పటినుంచీ విన్నదే. కానీ, ఆ ఒక్క జీవం కాలువలో ఎన్ని జీవాల నోటిముందు కూడు తీస్తుందో ఆలోచించాలి. సక్కర్ ఫిష్ పాచి నాకేస్తుంది, ఆ పాచి మీద బతికే మన చేపపిల్లలకి తిండి ఉండదు. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది, మట్టిగట్లు గుల్లవుతాయి. కాలువగట్లూ, చెరువుగట్లూ తప్ప ఇంకేముంది మన డెల్టాలో? నీళ్ళు తక్కువైనా, బురదైనా చాలాసేపు బతికేస్తుంది. వలలో పడితే ముళ్ళతో వల చించుతుంది. కృష్ణలో వలకి పడ్డ ఈ చేపని చూసి మనవాళ్ళు ‘దెయ్యం చేప’ అని పేరు పెట్టారు. కొనేవాళ్ళుండరు. వల కుట్టుకోవడానికి ఒక పూట పోతుంది. ఆ పూట కూలి లేనట్టే.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు ఒక మంచి పద్ధతి కనిపెట్టారు. చేపని పట్టుకోకుండానే, నీళ్ళ నమూనా తీసుకుని అందులో కలిసిన డి.ఎన్.ఏ.ని బట్టి ఈ చేప ఆ నీళ్ళలో ఉందో లేదో చెప్పేస్తారు. అలా చూస్తే తూర్పు కనుమల ప్రాంతంలో సుమారు 60 శాతం నీటి వనరుల్లో దీని జాడ ఉందని తేలింది. ఈ చేప సముద్రం ఈదుకుంటూ రాలేదండీ. ఎవరింటి హాల్లోనుంచో, పెంచి అమ్మే చెరువులోనుంచో వచ్చిందే.

ఇంకొక సంగతి. 2015లో పట్టిసీమ మొదలైన దగ్గర్నుంచి గోదావరి నీళ్ళు కాలువగుండా వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. నీళ్ళు రావడం మనకి మేలే. కాకపోతే రాజమండ్రి వైపు ఎవరో వదిలింది కూడా ఆ దారినే మన దగ్గరికి రావచ్చు, మన దగ్గర వదిలింది కాలువల వెంట దివిసీమకి పోవచ్చు. ఇదివరకు ఎవరి నది వాళ్ళది. ఇప్పుడు కాదు.

పైవాటా అమ్మాయి కథ ఏమైందంటారా? దుకాణానికి తీసుకెళ్ళాం. ‘ఇంత పెద్దదాన్ని ఎవరు కొంటారండీ’ అని విసుక్కున్నాడు. పైసా అడగం, తీసుకోవయ్యా అంటే తీసుకుని, కొట్లోనే ఉన్న పెద్దతొట్టెలో వేసుకున్నాడు. మిగతా చిన్నచేపల్ని తొట్టెతో సహా మా వీధిలోనే ఒక అబ్బాయి పట్టుకెళ్ళాడు.

తాబేళ్ళ గురించి కూడా చెప్పాలి. కంటివెనక ఎర్రచార ఉన్న బుల్లి పచ్చ తాబేలు, రూపాయి కాసుకన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది, పిల్లలు చూడగానే కావాలంటారు. ఇదీ అమెరికాదే. అది పళ్ళెమంత అవుతుంది, పాతికేళ్ళ పైన బతుకుతుంది. అంటే మీ బాబు ఇంజినీరింగు పూర్తిచేసి, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినా నీళ్ళు మార్చే డ్యూటీ మీదేనన్నమాట! పైగా తాబేళ్ళ ఒంటిమీద వాంతులు, విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిములుంటాయి. ఈ కారణంగానే అమెరికాలో చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. ముద్దుగా ఉందని పసిపిల్లలు నోటిదగ్గర పెట్టుకుంటారు కనుక అసలు కొనకపోవడమే మంచిది. మన దేశపు తాబేళ్ళనైతే ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరం కూడా.

చేపలబజారులో

కూరకి కొనే చేపల్లోనూ పరాయివి ఉన్నాయి. జిలేబీ చేప అని చవగ్గా అమ్మే తిలాపియా ఆఫ్రికా చేప. 1952లో మన దేశానికి తెచ్చారు. గుడ్లనీ పిల్లల్నీ తల్లి నోట్లో పెట్టుకుని కాపాడుతుంది, అందుకే అది చేరిన చెరువులో దానిదే రాజ్యం. అది ఇప్పుడు పెంపకంలో ఉన్నదే, తినడానికి అభ్యంతరం లేదు. తినేస్తే మంచిదే అంటాన్నేను!

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంగతి వేరు. మన మార్పు చేపకి వరసకి బంధువే గానీ గుణం వేరు. తనకన్నా చిన్నదేది దొరికినా మింగేస్తుంది. దీని పెంపకాన్ని కేంద్రప్రభుత్వం 2000 సంవత్సరంలోనే నిషేధించింది. అయినా చాటుమాటుగా చెరువుల్లో కోళ్ళ వ్యర్థాలు వేసి పెంచుతుంటే అధికారులు దాడులు చేసిన వార్తలు మన జిల్లాల పేపర్లలో వస్తూనే ఉంటాయి. పెద్దవాన వచ్చి ఆ చెరువుకి గండి పడితే చేపలన్నీ పక్క కాలువలోకే కదా! గుర్తుపట్టడం ఎలా అంటే, మన మార్పు చిన్నచేప, అరకిలో తూగడమే ఎక్కువ. మీసాలున్న చేప, తల వెడల్పుగా బల్లపరుపుగా ఉండి, రెండు మూడు కిలోలు తూగుతూ, నమ్మలేనంత చవగ్గా దొరికితే ‘ఎక్కడిదయ్యా ఇది?’ అని అడగండి. ముక్కలు కోసి కొరమీనని ఇస్తే తీసుకోకండి, కోయకముందే తలతో సహా చూపించమనండి. కొరమీనుకి మీసాలుండవు, ఒంటినిండా పొలుసుంటుంది. క్యాట్‌ఫిష్‌కి పొలుసుండదు. ఇది చాలు పట్టేయడానికి.

మేడమీద తామరతొట్లు

డాబామీద టబ్బుల్లో తామరలు, కలువలు వెయ్యడం ఇప్పుడు కొత్త సరదా. చూడ్డానికి ఎంతో బాగుంటాయి, నాకూ రెండున్నాయి. కానీ ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికొచ్చే నీటిమొక్కల్లో గుర్రపుడెక్క, అంతరతామర కూడా అమ్ముతున్నారు. కాలువలో డబ్బుపెట్టి తీయిస్తున్నదాన్ని మనం డబ్బుపెట్టి కొనుక్కుని డాబా ఎక్కించుకోవడమా? నీటిమొక్క కొనేముందు పేరు అడగండి. పేరు చెప్పలేని మొక్కని కొనకండి. దోమల కోసం తొట్లో గప్పీ చేపలు వేసుకుంటే తప్పులేదు, వాన పడ్డప్పుడు తొట్టి పొంగి అవి గొట్టంలోంచి మురుగుకాలువకి పోకుండా, పై అంచు కింద చిన్న కన్నం పెట్టి దోమతెర గుడ్డ కట్టండి.

తొట్టె తీసెయ్యాలనుకున్నప్పుడు చెయ్యాల్సినవి ఇవి. చేపల్ని కొన్న కొట్టుకే తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునేవాళ్ళకి ఇవ్వండి. చనిపోయినదాన్ని మట్టిలో పూడ్చాలి గానీ టాయిలెట్లో పొయ్యకూడదు. తొట్టెలో నీళ్ళు సింకులోనో కాలువలోనో పొయ్యక కుండీలకి పొయ్యండి, గులాబీలకి మహా బలం. ఆ నీళ్ళలో ఏ నత్తగుడ్లున్నా మట్టిలో ఎండిపోతాయి. గులకరాళ్ళు, ఇసక రెండుమూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టాలి. నీటిమొక్కల్ని మాత్రం వడియాలు ఎండబెట్టినట్టు డాబామీద పల్చగా పరిచి, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ఎండనివ్వండి. తడిగా చెత్తబుట్టలో వేస్తే, ఆ చెత్త వానకి కొట్టుకుపోయినచోట చిన్న కాడముక్క కూడా మళ్ళీ వేరు పోసుకుంటుంది.

కొల్లేరుకో, నది ఒడ్డుకో పిక్నిక్ వెళ్ళినప్పుడు ఆ పూవు బాగుందని, వేళ్ళతో సహా కవర్లో వేసి ఇంటికి తేకండి. పిల్లలు నీళ్ళలో దిగిన చెప్పులు, గేలాలు, బకెట్లు అక్కడే గట్టుమీద దులిపి, ఇంటికొచ్చాక ఎండలో పెట్టండి. పల్లెల్లో ఉన్న సోదరీమణులైతే, మంచినీళ్ళ చెరువులో గుర్రపుడెక్క మొక్క ఒక్కటి కనిపించిన రోజునే తీయించండి, పూత పూయకముందే. ఒక్కటి తియ్యడానికి ఒక మనిషి, ఒక వెదురుకర్ర చాలు. చెరువు నిండాక పంచాయతీ డబ్బులూ చాలవు. తీసినదాన్ని గట్టుకి దూరంగా గొయ్యి తీసి, పేడతో కలిపి కంపోస్టు చెయ్యవచ్చు. ఊరి మురుగుకాలువలోంచి తీసిన దానితో మాత్రం ఆకుకూరల మడికి ఎరువు వెయ్యకండి. నీళ్ళలోని సీసంలాంటి లోహాల్ని ఈ మొక్క పీల్చి దాచుకుంటుంది. ఆ ఎరువు బంతికీ, చామంతికీ సరిపోతుంది.